పుల్ల చెర్రీ చరిత్ర: ఒకే రకాన్ని నమ్ముకున్న తోటలు



ఈ పూట మన పొలాల్లో పండని ఒక పండును గురించి చెప్పుకుందాం. దాని పేరు పుల్ల చెర్రీ. చలికాలంలో సుమారు వెయ్యి గంటలపాటు గట్టి చలి తగిలితేగాని ఈ చెట్టు సరిగా పూయదు. కనుక మొక్కలు తెచ్చి నాటుకోండని చెప్పడం లేదు. పంట వేరైనా అక్కడి రైతులకు వచ్చిన చిక్కు మనకు తెలియనిది కాదు. ఒకే రకాన్ని నమ్ముకుంటే ఏమవుతుంది? కొత్త రకం దొరికితే దానిని ఎంతవరకు నమ్మాలి? ఈ రెండు ప్రశ్నలకూ ఈ పండు చరిత్రలో జవాబు వున్నది.

ముందు దాని పుట్టుక సంగతి. తీపి చెర్రీ ఒక పెద్ద చెట్టు. నేల చెర్రీ చలికి బాగా ఓర్చుకునే పొద. తూర్పు ఐరోపాలోను, కాస్పియన్ సముద్రం చుట్టుపట్లను ఈ రెండూ సహజంగా సంకరమై పుల్ల చెర్రీ పుట్టిందని శాస్త్రజ్ఞులు అంటారు. వంశ లక్షణాలను మోసే క్రోమోజోములు తీపి చెర్రీ కణంలో 16, నేల చెర్రీలో 32, పుల్ల చెర్రీలో కూడా 32. స్వీడన్ శాస్త్రజ్ఞులు ఓల్డెన్, నైబోమ్ 1968లో క్రోమోజోములు రెట్టింపు అయిన తీపి చెర్రీని నేల చెర్రీతో సంకరపరచి, పుల్ల చెర్రీని పోలిన మొక్కలను పుట్టించి చూపారు. దానితో ఆ మాటకు బలం వచ్చింది. పుట్టిన చోట గనుక ఆ ప్రాంతంలో చెట్టుకూ చెట్టుకూ రంగులో, పులుపులో, పూతకాలంలో ఎన్నో తేడాలు కనిపిస్తాయి.

ఇక అమెరికా సంగతి. మిచిగన్ రాష్ట్రంలో 1852లో పీటర్ డౌగర్టీ అనే క్రైస్తవ మిషనరీ పెద్ద సరస్సు ఒడ్డున చెర్రీ మొక్కలు నాటాడు. సరస్సు నీరు చల్లగా వుండడం వల్ల వసంతంలో అక్కడి గాలి త్వరగా వేడెక్కదు. పూత తొందరపడదు, మంచుదెబ్బా తక్కువ. క్రమంగా ఆ దేశపు పుల్ల చెర్రీలో ఎక్కువ భాగం ఆ రాష్ట్రంలోనే పండసాగింది. అయితే ఆ తోటలన్నీ దాదాపు ఒకే రకం. దాని పేరు మోంట్‌మొరెన్సీ, శతాబ్దాల నాటి ఫ్రెంచి రకం. పైతోలు ఎరుపేగాని లోపలి కండ లేత పసుపు. అంటు కట్టి పెంచే చెట్టు కాబట్టి లక్ష చెట్లున్నా వంశంలో అవన్నీ ఒక్క చెట్టే. ఒకదానికి వచ్చిన బలహీనత అన్నిటికీ వుంటుంది.

ఈ లోపాన్ని సరిదిద్దాలని మిచిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఎమీ ఐజోని అనే శాస్త్రజ్ఞురాలు 1980 తరువాతి సంవత్సరాల్లో పూనుకున్నారు. పండు పుట్టిల్లయిన తూర్పు ఐరోపా వైపు చూశారు. హంగరీ దేశంలో పాండీ అనే పాత రకం వున్నది. పండు శ్రేష్ఠమే, కాని తన పుప్పొడితో తాను కాయ పట్టదు. పక్కన వేరే రకం చెట్లు వుండాలి. అదే దేశంలో ఊయ్‌ఫెహేర్తో పరిశోధనా కేంద్రంవారు ఎంపిక చేసిన మరో రకం తన పుప్పొడితోనే గుత్తులు గుత్తులుగా కాస్తుంది. దాని కండ కూడా ఎరుపే. ఐజోని దానిని తెప్పించి పరీక్షించారు. అక్కడి ఒక సరస్సు పేరున 'బలటోన్' అని పిలిచి, 1998 నాటికి అమెరికా రైతులకు అందించారు.

ఆ ఎరుపు ఎక్కడిది? వంకాయ తోలులో, నేరేడు పండులో, మందార రేకులో వుండే జాతి రంగే అది. ఆంథోసయనిన్లు అంటారు. మందార రేకుల రసంలో నిమ్మరసం పిండండి, ఎర్రబడుతుంది. సున్నపు తేట పోయండి, ఆకుపచ్చకు తిరుగుతుంది. చెర్రీ పుల్లటిది గనుక ఎరుపు నిలుస్తుంది. కాని ఎక్కువ వేడి చేసినా, చాలాకాలం నిలవ వుంచినా వెలుస్తుంది. అదే విశ్వవిద్యాలయంలో మురళీధరన్ నాయర్ బృందం 1997లో రెండు రకాలనూ పోల్చి చూసింది. రంగు పదార్థాలు రెండింటిలో ఒకటే. మోతాదు మాత్రం బలటోన్‌లో సుమారు ఆరు రెట్లు!

1999లో ఆ రంగుకు వాపును తగ్గించే గుణం ప్రయోగశాలలో కనిపించింది. వ్యాపారస్థులు ఊరుకుంటారా? చెర్రీ తింటే రోగాలు పోతాయని చాటారు. 2005లో అమెరికా ఆహార, ఔషధ శాఖ 29 సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపింది. గాజు గొట్టంలో కనిపించిన గుణం రోగి ఒంట్లో రుజువు కాకుండా మందు అనరాదు.

ఇంత జరిగినా మోంట్‌మొరెన్సీ పీఠం కదలలేదు. కర్మాగారాలూ వినియోగదారులూ ఆ పండుకే అలవాటుపడ్డారు. 2012లో దెబ్బ తగిలింది. మార్చిలో అకాలపు ఎండలకు మొగ్గలు ముందే విచ్చాయి. ఏప్రిల్‌లో మంచు కురిసి మిచిగన్ పుల్ల చెర్రీ పంటలో సుమారు తొంభై వంతులు పోయింది. ఆలస్యంగా పూచే రకాల కోసం సంకరణ కృషి ఎంత అవసరమో ఆ యేడు తెలిసివచ్చింది. కాని చెట్టు నాటి, కాయించి, ఎంచి చూడడానికి ఏళ్ళు పడుతుంది. నష్టం ఒక్క రాత్రి పని.

కనుక సోదరులారా, తోట మొత్తం ఒకే రకంతో నింపకండి. కొత్త రకం వస్తే ముందు కొద్ది చెట్లు నాటి, కొన్నేళ్ళ కాపు చూసి, కొనేవాడున్నాడా అని అడిగి, ఆపైన పెంచండి. పండు సుగుణం చెప్పి అమ్మండి. రుజువు కాని మహిమ చెప్పి మాత్రం అమ్మకండి.