డాక్టరు గాలి, కాన్‌స్టాన్షియా ద్రాక్ష

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఒక గాలికి ‘కేప్ డాక్టర్’ అని పేరు. వేసవిలో ఆగ్నేయం నుంచి హోరున వీచే ఈ గాలి ఊళ్ళోని రోగాలను సముద్రం మీదికి తరిమేస్తుందని పూర్వం నమ్మేవారు. రోగాలు గాలికి పోవని మా వంటి డాక్టర్లకు తెలుసు. కాని ఆ గాలి వల్ల నిజంగా బాగుపడేది ఒకటుంది: ద్రాక్ష. ఆ కథలో మన తీరానికీ కొంత పాలు ఉన్నది కనుక ఈ నాలుగు మాటలు. దీన్ని మద్యపానానికి డాక్టరు రాసిన చీటీగా మాత్రం భావించవద్దని మనవి.

ఇండియాకు వచ్చీపోయే తమ ఓడలకు నీళ్ళు, కూరగాయలు అందించడానికి డచ్చి కంపెనీ 1652లో కేప్‌లో మకాం పెట్టింది. అక్కడి ద్రాక్షతో తొలిసారి వైను తీసింది 1659 ఫిబ్రవరి 2న. 1679లో అధికారిగా వచ్చిన సైమన్ వాన్ డెర్ స్టెల్ 1685లో కొండల తూర్పు వాలున కాన్‌స్టాన్షియా అనే ఎస్టేటు సంపాదించి పెద్ద తోట వేశాడు.

ఆ చోటి గొప్పతనం సముద్రంలో ఉన్నది. కేప్‌కు పడమట బెంగ్వేలా అనే చల్లని ప్రవాహం సాగుతుంది. ఆగ్నేయపు గాలి తీరం దగ్గరి పైనీటిని దూరంగా నెట్టగా అడుగునుంచి చన్నీరు పైకి వస్తుంది. వేసవిలో సైతం అటువైపు నీళ్ళలో దిగితే ఒళ్ళు కొంకర్లు పోతుంది. కాన్‌స్టాన్షియా మరోవైపు ఉన్న ఫాల్స్ బే అఖాతానికి ఎదురుగా ఉంది. గాలి ఆ నీటి మీదుగా వచ్చి తోటను చల్లబరుస్తుంది. పడమటి కొండ సాయంత్రం ఎండను పెందలాడే ఆపుతుంది.

దీనివల్ల పండుకు ఏమవుతుంది? ద్రాక్షకాయ కూడా శ్వాసిస్తుంది. మెడికల్ కాలేజీలో క్రెబ్స్ సైకిల్ బట్టీపట్టినవారికి మాలిక్ ఆసిడ్ గుర్తుండే ఉంటుంది. వేడి ఎక్కువైతే పండు ఆ పులుపును త్వరగా ఖర్చు చేసేస్తుంది. చల్లగా ఉంటే పులుపు నిలుస్తుంది, తీపి నెమ్మదిగా చేరుతుంది, సువాసన చెడదు. గాలి ఆకుల తడి ఆర్పి బూజును తగ్గిస్తుంది. మరీ ఉధృతమైతే లేత రెమ్మలనూ విరుస్తుంది.

కాన్‌స్టాన్షియా ప్రసిద్ధి తీపి వైనుకు. పండ్లను చెట్టుమీదే వడలనిచ్చి చేసేవారు. నిమ్మకాయ పిండని పంచదార నీళ్ళు మొహం మొత్తుతాయి కదా! ఎండ ఇచ్చిన తీపికి సముద్రం కాపాడిన పులుపు తోడయింది. 1778లో ఎస్టేటు కొన్న హెండ్రిక్ క్లూటే కాలంలో దాని కీర్తి యూరప్ రాజగృహాలంతటా పాకింది. సెయింట్ హెలీనాలో బందీగా ఉన్న నెపోలియన్‌కు కూడా అందింది. జేన్ ఆస్టిన్ 1811 నాటి నవలలో ఒక పెద్దావిడ, తన భర్త గౌట్ బాధకు పనిచేసిందంటూ, మనసు విరిగిన అమ్మాయికి ఒక గ్లాసు తెస్తుంది. ఈనాడు గౌట్ రోగికి మేము చెప్పేది సరిగ్గా వ్యతిరేకం! 1880ల్లో ఫిలాక్సెరా పురుగు కేప్ తోటలకు సోకింది. ఆ పాత తీపి వైను కనుమరుగై, క్లైన్ కాన్‌స్టాన్షియాలో మళ్ళీ 1986 పంటతో తిరిగివచ్చింది.

గాలి, నీరు, కొండ సరే, పాదులు తవ్విన చేతులెవరివి? బానిసలవి. 1652 నుంచి 1808 వరకు కేప్‌కు తెచ్చిన బానిసలు సుమారు 63,000 అనీ, అందులో దాదాపు నాలుగోవంతు భారతదేశం వారనీ చరిత్రకారుల అంచనా. మచిలీపట్నం, పులికాట్‌లలో డచ్చివారి వర్తక స్థానాలుండేవి. కోరమాండల్‌ను వారు ‘తీరం’ అనే పిలిచేవారు. అక్కడినుంచి వచ్చిన బానిస పేరు చివర ‘వాన్ డె కస్ట్’, అంటే ‘తీరం నుంచి’ అని రాసేవారు. అసలు ఇంటిపేరు, భాష చాలామంది విషయంలో ఏ కాగితానికీ ఎక్కలేదు. వారిలో తెలుగువారెందరో తేల్చడం అందుకే కష్టం.

ఇంకో విశేషం. వాన్ డెర్ స్టెల్ అమ్మమ్మ భారతదేశపు విముక్త బానిస. పేరు మోనికా డా కోస్టా. పోర్చుగీసులో ఆ మాటకూ ‘తీరానికి చెందిన’ అనే అర్థం. మనవడు తోటకు యజమాని. అదే దేశం నుంచి వచ్చిన ఇతరులు కేప్ తోటల్లో బానిసలు. 1834లో బానిసత్వం రద్దయినా 1838 దాకా వారు పాత యజమానుల కిందే పని చేయవలసి వచ్చింది.

వాన్ డెర్ స్టెల్ కట్టిన పాత ఇల్లు నేడు మ్యూజియం. సెలవుల్లో అటు వెళ్ళే మన కుటుంబాలు సముద్రపు గాలిని తప్పక అనుభవించాలి. పిల్లలకు ఆ తోటలో పనిచేసిన వారి సంగతి కూడా చెప్పాలి. మనకు డిగ్రీలు, వీసాలు ఉన్నాయి. ఆ తొలి ప్రవాసులకు పేరు కూడా మిగల్లేదు.