వైజాగ్‌లో పిల్లలతో ఒకరోజు: ఏం చూపించాలి.. ఏం కొనాలి.. ఏం తినిపించాలి? ఈ జాగ్రత్తలు తప్పనిసరి

సెలవులొస్తే చాలు.. శ్రీకాకుళం నుంచి తుని వరకు, అటు ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ వైపు నుంచి కూడా కుటుంబాలు విశాఖపట్నం బయలుదేరతాయి. పిల్లలకు సబ్‌మెరైన్ చూడాలని, పెద్దలకు కాస్త షాపింగ్ చేయాలని ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి అందరూ ఆర్కే బీచ్‌కి చేరాల్సిందే. పోర్టు సిటీలో పిల్లలకు చూపించేవి, కొనిపెట్టేవి, తినిపించేవి చాలానే ఉన్నాయి. అయితే అలలు చూసి పరుగెత్తేది పిల్లలే. బొమ్మ కొనగానే నోట్లో పెట్టుకునేదీ, రంగు చూసి మిఠాయి కావాలని మారాం చేసేదీ వాళ్లే. అందుకే ఎక్కడికి వెళ్లాలన్న దానితో పాటు, అక్కడ దేన్ని గమనించాలో కూడా ముందే తెలుసుకుంటే రోజంతా హాయిగా గడుస్తుంది. ఆ వివరాలు ఇవే.

సబ్‌మెరైన్ లోపలికి వెళ్దామా?

ఆర్కే బీచ్ రోడ్డులో పిల్లలు ముందుగా గుర్తుపట్టేది ఐఎన్ఎస్ కుర్సురా. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ జలాంతర్గామి 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లు సేవలందించి 2001 ఫిబ్రవరిలో రిటైరైంది. ఆ తర్వాత దాన్ని ఒడ్డుకు లాక్కొచ్చి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. పొడవు దాదాపు 91 మీటర్లు. టార్పెడో గొట్టాలు, సిబ్బంది పడుకునే ఇరుకు బెర్తులు, చిన్న వంటగది, ఇంజిన్ గది.. అన్నీ లోపల నడుచుకుంటూ చూడొచ్చు. ఇక్కడ గైడ్లుగా ఉండే నేవీ మాజీ ఉద్యోగులు పిల్లలు అడిగిన ప్రశ్నలకు ఓపిగ్గా సమాధానాలు చెబుతారు.

ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి వంగి దూరాలి. స్కూలు పిల్లలకు అదే పెద్ద సరదా. చంకలో పాపాయి, భుజానికి పెద్ద బ్యాగు ఉన్నవాళ్లకు మాత్రం కష్టం. మోకాళ్ల నొప్పులున్న తాతయ్య, నానమ్మ బయట కూర్చుంటేనే మంచిది. ఇరుకు చూసి భయపడే చిన్నపిల్లల్ని బలవంతంగా లోపలికి తీసుకెళ్లొద్దు.

రోడ్డుకు అవతలి పక్కనే టీయూ-142 విమాన మ్యూజియం ఉంది. సముద్రంపై నిఘా కోసం నౌకాదళం 1988లో ఈ రకం విమానాలు 8 తెచ్చుకుంది. 2017 మార్చిలో వాటికి వీడ్కోలు పలికారు. అందులో ఒకదాన్ని ఇక్కడ నిలబెట్టగా, 2017 డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. దీనికి నాలుగు ఇంజిన్లు. ఒక్కో ఇంజిన్‌కు ఒకదాని వెనక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు ఉంటాయి, అవి ఒకదానికొకటి ఎదురు దిశలో తిరుగుతాయి. ప్రొపెల్లర్ రెక్కలు మొత్తం ఎన్నో లెక్కపెట్టమని పిల్లలకు చెప్పండి. 32 అని చెబితే కరెక్ట్.

గుర్తుంచుకోండి: ఈ రెండు మ్యూజియాలకూ, జూ పార్కుకూ సోమవారం సెలవు. ఊరి నుంచి వచ్చేవాళ్లు ఆ ఒక్కరోజూ తప్పించి ప్లాన్ చేసుకోవాలి.

ఇంటికెళ్లాక ఈ ప్రయోగం చేయించండి

జలాంతర్గామి ఎలా మునుగుతుంది, మళ్లీ పైకెలా వస్తుంది? ట్యాంకుల్లోకి నీళ్లు నింపితే బరువు పెరిగి మునుగుతుంది. గట్టిగా నొక్కిపెట్టిన గాలిని వదిలి ఆ నీళ్లు బయటికి నెట్టేస్తే పైకి తేలుతుంది. దీన్ని ఇంట్లోనే చూపించొచ్చు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా నిండా నీళ్లు పట్టండి. పెన్ను క్యాప్ పైన కన్నం ఉంటే గోధుమపిండి ముద్దతో మూసేయండి. కింది అంచుకు కూడా కొంచెం ముద్ద అంటించి, నిలువుగా తేలేలా సీసాలో వేసి, మూత బిగించండి. సీసాను గట్టిగా నొక్కితే క్యాప్ మునుగుతుంది, వదిలేస్తే తేలుతుంది. నొక్కినప్పుడు క్యాప్‌లోని గాలి కుంచించుకుపోయి నీళ్లు లోపలికి వెళ్తాయి, బరువు పెరుగుతుంది. అంతే.

ఆర్కే బీచ్: ఆడుకోవడానికి ఓకే.. స్నానానికి వద్దు

ఇసుకలో ఆటకు, గాలిపటాలకు, మురీ మిక్చర్‌కు ఆర్కే బీచ్‌ను మించింది లేదు. కానీ నీళ్లలోకి దిగడం వేరే విషయం. ఇక్కడ ఒడ్డు వాలుగా ఉంటుంది. అల వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. మోకాళ్ల లోతులో నిలబడ్డ పిల్లాడికి కూడా పట్టు తప్పుతుంది.

దీనికంటే ప్రమాదకరమైంది రిప్ కరెంట్. అలలతో ఒడ్డుకు వచ్చిన నీరు ఏదో ఒక సన్నని దారి వెతుక్కుని వేగంగా లోపలికి తిరిగి వెళ్లిపోతుంది. ఆ చోట అలలు విరగవు కాబట్టి నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. ‘ఇక్కడ అలలు లేవు, సేఫ్’ అనుకుని సరిగ్గా అక్కడే దిగుతుంటారు. పొరపాటున అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకూడదు, బలమంతా అయిపోతుంది. వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపి సాయం అడగాలి. ఈత వచ్చినవాళ్లు ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ ప్రవాహం దాటాక ఒడ్డుకు రావాలి. పిల్లల్ని కాపాడాలని ఈత రాని పెద్దలు దూకేస్తే ఒకరికి ఇద్దరు ప్రమాదంలో పడతారు. లైఫ్‌గార్డును పిలవాలి. తేలే వస్తువు ఏది దొరికినా, మూత బిగించిన ఖాళీ సీసా లేదా డబ్బా అయినా, విసరాలి.

నీళ్లలో ఆడాల్సిందే అంటే రుషికొండ వెళ్లండి. 2020 అక్టోబరులో దేశంలో తొలిసారి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన 8 బీచ్‌లలో ఇదొకటి. అక్కడ కూడా లైఫ్‌గార్డులు కాపలా ఉండి, స్నానానికి గుర్తు పెట్టిన చోటే దిగాలి. అక్టోబరు, నవంబరు తుపాన్ల సీజన్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా ఈ నగరాన్నే తాకింది. విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం అలర్ట్ ఇచ్చిందంటే బీచ్ ప్రోగ్రాం రద్దు చేసుకోవాల్సిందే.

షాపింగ్: ఏటికొప్పాక లక్కబొమ్మలు

పిల్లలకు వైజాగ్ గుర్తుగా ఏం కొనాలి అంటే ఎవరైనా చెప్పే పేరు ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో ఎలమంచిలి దగ్గర, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు ఇది. వైజాగ్ నుంచి 65 కిలోమీటర్లు ఉంటుంది. అంకుడు కర్రను ఎండబెట్టి, లేత్ మీద తిప్పుతూ ఉలితో ఆకారం తెస్తారు. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి నున్నగా పట్టుకుంటుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు వంటి వాటి నుంచి తీసిన సహజ రంగులు ఈ బొమ్మలకు పేరు తెచ్చాయి.

2017లో వీటికి జీఐ గుర్తింపు దక్కింది. సహజ రంగుల్ని మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజును 2023లో పద్మశ్రీ వరించింది. 2025 గణతంత్ర వేడుకల్లో ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఏపీ శకటం ఈ బొమ్మలదే. రాష్ట్రాల శకటాల్లో మూడో స్థానం కూడా గెలిచింది.

ఏ వయసుకు ఏది?
* ఏడాదిలోపు: పెద్ద సైజు గిలక్కాయ. నోట్లో పూర్తిగా పట్టేంత చిన్న భాగం ఏదీ ఉండకూడదు.
* మూడేళ్లలోపు: లాగే బండి, ఒకదానిపై ఒకటి పేర్చే రింగులు. లాగే తాడు పొట్టిగా ఉండాలి.
* మూడు నుంచి ఏడేళ్లు: లక్కపిడతలు, అంటే బుల్లి వంటసామాను. అమ్మమ్మల కాలం నుంచి ఉన్న ఆట ఇది. అబ్బాయిలు కూడా వదలరు.
* ఏడేళ్లు దాటితే: బొంగరాలు, బొమ్మలకొలువు సెట్లు.

వీలైతే ఊరికే వెళ్లి కొనండి, లేత్ ఎలా తిరుగుతుందో పిల్లలు కళ్లారా చూస్తారు. అంత దూరం కుదరదంటే నగరంలో ప్రభుత్వ లేపాక్షి షోరూం ఉంది. రోడ్డు పక్కన కొంటే మాత్రం రెండు ప్రశ్నలు అడగాలి. ఎక్కడ చేశారు? ఏ రంగు వాడారు? తడిగుడ్డతో రుద్దితే రంగు అంటుకుంటోందంటే ఆ బొమ్మ పసిపిల్లలకు ఇవ్వొద్దు. ఇంటికొచ్చాక లక్కబొమ్మల్ని నీళ్లలో నానబెట్టకుండా పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

ప్లాస్టిక్ బొమ్మ కొంటున్నారా?

జగదాంబ, పూర్ణా మార్కెట్ వైపు వెళ్తే పిల్లలు బ్యాటరీ కార్లు, లైట్ల బొమ్మలు చూసి కదలరు. 2021 జనవరి 1 నుంచి దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. మార్కు పక్కన ఉండే లైసెన్సు నంబరును ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే అసలుదో, నకిలీదో తెలిసిపోతుంది. రిజిస్టరైన హస్తకళాకారులు చేసినవాటికి, జీఐ బొమ్మలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి ఏటికొప్పాక బొమ్మపై ఐఎస్ఐ లేదని అనుమానించాల్సిన పనిలేదు.

ఎందుకింత పట్టింపు అంటే.. నాసిరకం పెయింట్లలో సీసం ఉండొచ్చు. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత మోతాదు వరకు ఫర్వాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంకో ముప్పు బటన్ బ్యాటరీ. దాని మూతకు స్క్రూ లేకపోతే ఆ బొమ్మ వదిలేయండి. పిల్లలు మింగితే గంటల్లోనే ఆహారనాళం కాలిపోతుంది. మింగారన్న అనుమానం వచ్చినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. వాంతి చేయించే ప్రయత్నం చేయొద్దు.

ఏం తినిపించాలి?

బీచ్‌లో మురీ మిక్చర్ అందరి ఫేవరెట్. మురీలు, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం కలిపి చేతిలో పెడతారు. పిల్లలకైతే ‘కారం వద్దు, పల్లీలు వద్దు’ అని ముందే చెప్పాలి. ఐదేళ్లలోపు వాళ్లకు పల్లీలు, జీడిపప్పు గింజలు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు, వేసవిలో తాటి ముంజలు, చలికాలంలో తేగలు.. ఇవి రుచికి రుచి, పొట్టకూ మంచివి.

గులాబీ రంగు పీచుమిఠాయి దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. బట్టలకు వాడే రోడమైన్-బి అనే రంగు దొరకడంతో 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు పీచుమిఠాయి అమ్మకాలను నిషేధించాయి. ఆ రంగును ఏ తిండిలోనూ వాడకూడదు. రంగు వేయని తెల్ల పీచుమిఠాయి దొరికితే అదే కొనిపెట్టండి.

ఇంటికి తీసుకెళ్లడానికి మాడుగుల హల్వా ఉండనే ఉంది. గోధుమలు నానబెట్టి, పాలు తీసి, పంచదార, నెయ్యితో గంటల తరబడి కలుపుతూ చేస్తారు. ఫ్రిజ్ లేకపోయినా కొన్ని రోజులు నిలవ ఉంటుంది. పైన వేసిన జీడిపప్పు తీసేసి చిన్నపిల్లలకు చిన్న ముక్క పెట్టొచ్చు. గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో ఏజెన్సీ తేనె, అరకు కాఫీ దొరుకుతాయి. ఏడాది నిండని పాపాయికి తేనె ఒక్క చుక్క కూడా నాకించకూడదు. అందులో ఉండే బ్యాక్టీరియా బీజాల వల్ల బోటులిజం అనే ప్రాణాంతక జబ్బు రావొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట నెమ్మదిగా చెప్పండి.

ఇంకో పూట ఉంటే..

* జూ పార్కు: కంబాలకొండ అడవిని ఆనుకుని 625 ఎకరాల్లో ఉంది. 1977లో ప్రజల కోసం తెరిచారు. ఎండెక్కక ముందే వెళ్తే జంతువులు చురుగ్గా కనిపిస్తాయి.
* కైలాసగిరి: రోప్‌వే, టాయ్ ట్రైన్, కొండ మీద నుంచి సముద్రం. సాయంత్రం బాగుంటుంది.
* రైతుబజారు: ఇదెక్కడి టూరిస్ట్ స్పాట్ అనుకోవద్దు. పిల్లల చేతికి 50 రూపాయలిచ్చి, బోర్డు మీద ధరలు చదివి కూరలు కొనుక్కురమ్మనండి. తెలుగు చదవడం, లెక్కలు రెండూ వచ్చేస్తాయి.

బయలుదేరే ముందు

పొద్దున్నే పిల్లల ఫొటో ఒకటి తీయండి. తప్పిపోతే ఏ రంగు డ్రెస్ వేసుకున్నారో వెంటనే చూపించొచ్చు. చేతి మీద పెన్నుతో మీ ఫోన్ నంబరు రాయండి. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో ముందే చెప్పండి, ‘సబ్‌మెరైన్ టికెట్ కౌంటర్ దగ్గర’ అంటే ఎవరికైనా గుర్తుంటుంది. పిల్లలు కనిపించకపోతే 112 లేదా 1098కి, దెబ్బలు తగిలితే 108కి ఫోన్ చేయాలి.

ఖర్చు విషయానికొస్తే, స్త్రీశక్తి పథకంలో 2025 ఆగస్టు 15 నుంచి ఏపీ ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు, ఆడపిల్లలకు ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గరుంటే చాలు. గాజువాక, ఉక్కునగరం నుంచి బీచ్‌కి వచ్చినా, వైజాగ్ నుంచి ఎలమంచిలి వెళ్లినా ఆ మేరకు డబ్బు మిగులుతుంది. ఆ మిగిలిన దాంతో ఇంకో లక్కబొమ్మ కొనొచ్చు.