చీటీ నుండి దత్తాంశనిధికి: రోగి గోప్యత, ఆంధ్రప్రదేశ్ అనుభవం

గుంటూరు–సికింద్రాబాద్ రైలు మార్గం నుండి మాచర్ల శాఖ చీలే కూడలి నడికుడి. ఇటువంటి పల్నాటి ఊరి రోగి వివరాలు చిరకాలం చికిత్స జరిగిన చోటనే, ఓ.పీ. చీటీలోనో కేసు షీటులోనో ఉండిపోయేవి. ఆ చెదురుతనం వైద్యునికి ఇబ్బందే. రోగికి మాత్రం ఎవరూ ఉద్దేశించని మరుగు.

2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాలలో మొదలై రాష్ట్రమంతటా విస్తరించిన ఆరోగ్యశ్రీ ఈ స్థితిని మార్చింది. చికిత్సకు ముందస్తు అనుమతి, ఆసుపత్రికి చెల్లింపు ట్రస్టు ద్వారా ఆన్‌లైన్‌లో జరగవలసి రావడంతో రోగనిర్ధారణ పత్రాలు ఒకచోటికి చేరాయి. ఉచిత శస్త్రచికిత్స తప్ప గత్యంతరం లేని పేదవాని సమ్మతిని స్వేచ్ఛాసమ్మతి అనడం కష్టం.

అయితే ప్రమాదం బయటపడింది మందుల దుకాణాల వైపు నుండి. 2018లో అన్న సంజీవని జెనరిక్ దుకాణాలలో కొన్నవారి పేర్లు, ఫోను నంబర్లు, మందుల వివరాలు రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరికైనా కనిపించాయి. ఇందులో దొంగతనమేదీ లేదు. వివరాలు ప్రభుత్వ వెబ్‌సైటులోనే బహిరంగంగా ఉన్నాయి. మందు పేరు తెలిస్తే వ్యాధిని ఊహించడం ఎంతసేపు? గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చి అప్పటికి ఏడాదైనా నిండలేదు.

తరువాతి ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కొంత జాగ్రత్తపడింది: రికార్డులు ఆసుపత్రుల వద్దనే ఉంటాయి, 14 అంకెల ఆభా సంఖ్య వాటిని రోగి సమ్మతితో కలుపుతుంది. ఆ మిషన్ దేశమంతటా మొదలైనది 2021 సెప్టెంబరు 27న. వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టం వచ్చినది 2023 ఆగస్టులో.