హైస్కూలు మైదానం ఎవరి పూచీ?

హైస్కూలు రోజులు తలుచుకుంటే పాఠాల కంటే ముందు డ్రిల్లు మాస్టారి ఈల వినిపిస్తుంది. ఆ ఈలకు చరిత్ర ఉంది. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. తరఫున వ్యాయామోపాధ్యాయుల శిక్షణ పాఠశాలను నెలకొల్పారు. డ్రిల్లు చెప్పడానికి తర్ఫీదు పొందిన మాస్టార్లు తయారుకావడం అలా మొదలైంది.

ఇక ఎస్.పి.ఎల్. ఎన్నిక. చీటీ మీద పేరు రాసి వేసిన ఆ ఓటే మనలో చాలామందికి మొదటి ఓటు. అసలు ఓటుకు 1989 వరకు 21 ఏళ్లు నిండాలి కదా!

మన తల్లిదండ్రులు మాత్రం బడిలో చేర్చిన రోజున వచ్చి, "వీడి భారం మీదే మాస్టారూ" అని వెళ్లిపోయేవారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నాటి చట్టం పాఠశాల కమిటీలలో వారికి చోటిచ్చింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, ఎనిమిదో తరగతి వరకు వర్తించేలా, ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు, మొత్తం మీద సగం మంది స్త్రీలు ఉండాలన్నది. బడికి ఆటస్థలం ఉండాలన్నదీ ఆ చట్టమే.

కనుక మైదానంలో గదులు లేపుతామంటే "వద్దు" అనవలసింది కమిటీలోని తల్లులు, తండ్రులే. పోయిన మైదానం తిరిగి రాదు. మిత్రులారా, మన కూతుళ్లను, కోడళ్లను ఆ సమావేశాలకు పంపుదాం. ఆ పూట ఇల్లు మనం చూసుకుందాం.