స్ట్రక్చర్ ప్యాడింగ్ (సి భాష)

సి భాషలో స్ట్రక్చర్ మెంబర్ల మధ్య, చివరన కంపైలర్ వదిలే ఖాళీ బైట్లను ప్యాడింగ్ అంటారు. 1 బైటు క్యార్, 4 బైట్ల ఇంట్, మరో క్యార్ వరుసగా ఉన్న స్ట్రక్చర్‌కు 6 బైట్లు చాలని కొత్తగా నేర్చుకునేవారు లెక్క వేస్తారు. పరిమాణాన్ని చెప్పే సైజాఫ్ మాత్రం సాధారణంగా 12 చూపుతుంది. ఇది కంపైలర్ పొరపాటు కాదు. ఇంట్ చిరునామా 4కు గుణిజమైతే చాలా ప్రాసెసర్లు దాన్ని ఒకేసారి చదవగలవు. అందుకే మొదటి క్యార్ తర్వాత 3 బైట్లు ఖాళీగా ఉంటాయి. చివర మరో 3 ఎందుకంటే, అవే స్ట్రక్చర్లతో అర్రే కట్టినప్పుడు రెండో దానిలోని ఇంట్ కూడా సరైన చోటే పడాలి.

మెమొరీ వృథా అవుతుందన్న ఆక్షేపణలో నిజముంది. అయితే దానికి మందు ప్రోగ్రామర్ చేతిలోనే ఉంది: ఇంట్‌ను ముందు రాసి, క్యార్లు రెండూ పక్కపక్కన పెడితే పరిమాణం 8కి తగ్గుతుంది. ఆ సర్దుబాటు కంపైలరే చేయవచ్చు కదా అంటే, మెంబర్లు ప్రకటించిన వరుసలోనే మెమొరీలో ఉండాలని 1989 నాటి ప్రమాణం నుంచీ నియమం ఉంది. కొన్ని కంపైలర్లు ఇచ్చే ప్యాకింగ్ సదుపాయం ఖాళీలను తీసేస్తుంది గానీ అది ప్రమాణంలో భాగం కాదు. పైగా కొన్ని ప్రాసెసర్ల మీద అలాంటి డేటాను చదవడం నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ప్రోగ్రామే ఆగిపోతుంది. కాబట్టి స్ట్రక్చర్ పరిమాణాన్ని చేతిలెక్కతో ఊహించకుండా, ఎప్పుడూ సైజాఫ్‌నే అడగాలి.