వరద రాకపోతే చేప లేదు: తాపీ, నర్మద, గోదావరి చెప్పే సంగతి

గుజరాత్‌లోని సూరత్ నగరం నుంచి హజీరాకు వెళ్లే దారిలో ఉన్న ఇచ్ఛాపూర్ ప్రాంతం తాపీ నది ముఖద్వారానికి సమీపంలో ఉంది. ఇక్కడివారికి వరద అనగానే 2006 ఆగస్టు గుర్తుకు వస్తుంది. ఆ నెలలో ఉకాయ్ జలాశయం నుంచి విడుదలైన నీటితో సూరత్‌లో అధిక భాగం మునిగిపోయింది. అయితే నదిలోని చేపలకు ఏటా వచ్చే వరద విపత్తు కాదు. సంతానోత్పత్తికి అదే అదను.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వంటి చేపలు నిలకడ నీటిలో సహజంగా గుడ్లు పెట్టవు. రుతుపవన వర్షాలకు నీరు ఎర్రబడి, ప్రవాహం పెరిగినప్పుడు ఎగువకు ఈది, గట్లు దాటి పల్లపు భూముల్లో పరచుకున్న లోతులేని నీటిలో గుడ్లు విడుస్తాయి. దాదాపు 15 నుంచి 18 గంటల్లో పిల్లలు బయటికి వస్తాయి. సుమారు మూడు రోజులు అవి పొట్టకు అంటుకొని ఉన్న పచ్చసొనతోనే బతుకుతాయి. ఆ తర్వాత కావలసిన సూక్ష్మజీవుల ఆహారం మునిగిన గడ్డి కుళ్లిన చోట సమృద్ధిగా లభిస్తుంది. కొర్రమీను అయితే నీటి మొక్కల నడుమ గూడు కట్టుకొని పిల్లలకు కాపలా కాస్తుంది. వరద తొందరగా తీస్తే పిల్లలు గుంటల్లో చిక్కుకొని చనిపోతాయి. అందుకే నీరు ఎంత ఎత్తుకు వచ్చిందన్నదానితో పాటు ఎన్నాళ్లు నిలిచిందన్నదీ లెక్కలోకి వస్తుంది. మంచి వరద ఫలితం జాలరి వలలో కనిపించడానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది.

ఒకప్పుడు చెరువుల్లో వదిలే చేప పిల్లలను కూడా వరద నదుల నుంచే పట్టేవారు. 1957 జులై 10న హీరాలాల్ చౌధురి హార్మోన్ ఇంజెక్షన్‌తో చేపల చేత గుడ్లు పెట్టించడంలో విజయం సాధించారు. ఆ రోజునే జాతీయ చేపల రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. దానితో చెరువు రైతుకు నది అవసరం తప్పింది. నదిపై బతికే జాలరికి మాత్రం తప్పలేదు. పైగా ఈ రెండింటికీ వరద కాలంలో పొత్తు కుదరదు. చెరువు గట్లు తెగితే రైతు పెట్టుబడి కొట్టుకుపోతుంది. పెంపకం కోసం తెచ్చిన విదేశీ జాతులు నదిలో చేరి స్థానిక చేపల ఆహారానికి పోటీ వస్తాయి.

వరదను అదుపు చేసే కట్టడాలు ఈ సహజ క్రమాన్ని మార్చాయి. తాపీపై కాక్రాపార్ ఆనకట్ట తర్వాత 1972లో ఉకాయ్, 1995లో సూరత్‌లోనే సింగన్‌పూర్ అడ్డుకట్ట వచ్చాయి. లక్షల మంది నివసించే నగరాన్ని కాపాడాలంటే ఉకాయ్‌లో నీరు ఆపక తప్పదు. కానీ జలాశయం మింగేసేవి చేపకు అవసరమైన చిన్న, మధ్యస్థ వరదలనే.

సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టేందుకు వరదకు ఎదురీదే పులసకు ఇది మరింత కష్టం. గుజరాతీలు మోదర్, పాల్వా అని పిలిచే ఈ చేపకు భరూచ్ వద్ద నర్మదా ముఖద్వారం ప్రసిద్ధి. ఎగువన సర్దార్ సరోవర్ వచ్చాక అక్కడికి చేరే మంచినీరు తగ్గింది. ఇప్పుడు భాడ్‌భూత్ వద్ద తలపెట్టిన బ్యారేజీని జాలర్లు వ్యతిరేకిస్తున్నారు. ఉప్పునీటిని ఆపి తాగునీరు, సాగునీరు నిల్వ చేయడం ప్రభుత్వ ఉద్దేశం. పులస దారి మూసుకుపోతుందన్నది జాలర్ల భయం.

ఆ భయం ఎంత వాస్తవమో గోదావరిని చూస్తే తెలుస్తుంది. కాటన్ నిర్మించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆనకట్టలు చేపల రాకపోకలను అడ్డుకుంటున్నాయని ఫ్రాన్సిస్ డే 1873 నాటి నివేదికలోనే ప్రభుత్వం దృష్టికి తెచ్చారు. సముద్రంలో విలసగా ఉండి, ఎర్రనీటితో పాటు గోదావరిలోకి వచ్చి పులసగా పేరు మార్చుకునే ఈ చేప వేట నేడు ఎక్కువగా బ్యారేజీ దిగువనే, యానాం వరకు సాగుతోంది. పోలవరం స్పిల్‌వేలో చేపలు ఎక్కేందుకు ప్రత్యేక మార్గం నిర్మించారు. అయితే ధవళేశ్వరం దానికి దిగువన ఉంది. అక్కడ దాటగలిగిన చేపకే పోలవరం మెట్లు ఉపయోగపడతాయి.