గ్రీకోళ్ల చెట్టు దేవత, మన చెట్టు కింది పేన్



మన గ్రూపులో చాలామంది పోటీ పరీక్షలకు చదువుతున్నరు. పుస్తకాల్లో గ్రీకు దేవతల పాఠం వస్తే దాన్ని "పురాణం" అంటరు. మన చెట్టు కింది పేన్ గురించి వస్తే "మూఢనమ్మకం" అంటరు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందని నిర్మల్‌లో ఉండి చదువుకుంటున్న మేము కొంతమందిమి కూసొని మాట్లాడుకున్నం. ఆ ముచ్చటే ఈ పోస్టు.

గ్రీకుల పెద్ద దేవుళ్లు ఒలింపస్ కొండ మీద ఉంటరు. పల్లె జనానికి దగ్గరి దేవతలు మాత్రం నింఫ్‌లు. ఊటల్లో, వాగుల్లో ఉండేవాళ్లు నయాడ్‌లు. కొండల మీది వాళ్లు ఓరియాడ్‌లు. చెట్ల దేవతలు డ్రయాడ్‌లు. అందులో హమడ్రయాడ్ ప్రాణం ఒక్క చెట్టుతోనే ముడిపడి ఉంటది. చెట్టు కూలితే ఆమె కూడా పోతది. ఎరిసిక్తోన్ అనేటోడు పంటల తల్లి డిమీటర్ వనంలో పెద్ద చెట్టును నరికిండు. ఎంత తిన్నా తీరని ఆకలి వాణ్ని పట్టింది. ఆస్తంతా తిని, చివరికి తన ఒళ్లు తానే కొరుక్కొని తిన్నడని రోమన్ కవి ఓవిడ్ రాసిండు.

గ్రీకులో నింఫ్ అనే మాటకు పెండ్లికూతురు అని కూడా అర్థం ఉంది. ఏథెన్స్‌లో పెండ్లికి ముందు కల్లిరో అనే ఊట నుంచి నీళ్లు తెచ్చేవాళ్లు. ఇది చదవంగనే మాకు కేస్లాపూర్ యాదికొచ్చింది. మెస్రం వంశస్థులు చెప్పుల్లేకుండా నడిచి, జన్నారం మండలంలోని హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు తెస్తరు. తిరిగొచ్చి కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేస్తరు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్లతోనే నాగోబాకు అభిషేకం. తర్వాత కొత్త కోడళ్లకు భేటింగ్. దేవుని ముందు పరిచయం అయినంకనే వాళ్లు వంశంలో కలిసినట్టు. నీళ్లు, చెట్టు, కొత్త కోడలు... రెండు దిక్కులా ఇవే ఉన్నయి.

మరి అక్కడ పూజ ఎందుకు ఆగిపోయింది? ఒక పెద్ద కారణం రాజాజ్ఞ. 392లో రోమన్ చక్రవర్తి థియోడోసియస్ ఒక శాసనం తెచ్చిండు. చెట్టుకు పట్టీలు కట్టి మొక్కడం కూడా అందులో నేరమే. అట్ల మొక్కిన జాగ, ఇల్లయినా భూమయినా, సర్కారు జప్తు చేసుకుంటది. కాలం గడిచేకొద్దీ పూజలు పోయినయి. పుస్తకాల్లో కథలు, పల్లెల్లో నెరైడల ముచ్చట్లు మిగిలినయి.

మన దగ్గర చెట్టుకు మొక్కొద్దని శాసనం రాలేదు. కానీ నిజాం కాలంలో అడవిని రిజర్వు చేసి, చెట్టున్న జాగ నుంచి మనోళ్లను లేపిన్రు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చింది ఆ జల్, జంగల్, జమీన్ కోసమే.

ఇప్పుడు అసలు సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లో 13వ నియమం తప్పక చదవండి. సాముదాయిక అటవీ హక్కులకు ఏమేం ఆధారంగా చూపొచ్చో అందులో ఉంది. పవిత్ర వృక్షాలు, వనాలు, కుంటలు, నదీ తీరాలు, శ్మశానాలు కూడా ఆ లెక్కలోకే వస్తయి. అంటే థియోడోసియస్ కాలంలో ఏ చెట్టు వల్ల భూమి పోయేదో, మన చట్టంలో అసొంటి చెట్టే అడవి మీద హక్కుకు సాక్ష్యం. ఒడిశాలో నియమగిరి డోంగ్రియా కోందులకు ఆ కొండే దేవుడు, నియమ రాజా. అక్కడి గని సంగతి గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 గ్రామసభలు పెడితే పన్నెండూ వద్దన్నయి.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి ఊరికి పోయినప్పుడు ఒక నోట్‌బుక్ పట్టుకపోండి. పటేల్‌ను, కటోడాను, పర్ధాన్ తాతలను అడగండి. మీ పేన్ ఏ చెట్టు కింద ఉంది? నీళ్లు ఏ మడుగు నుంచి తెస్తరు? ఆ జాగ పేరేంది? ఏ వంశపోళ్లు చూసుకుంటరు? బయటికి చెప్పొద్దని పెద్దలు అన్నది రాయకండి. మిగతాది గ్రామసభ ముందు పెట్టి, తీర్మానంలో ఎక్కించండి. కిక్రి వాయించి ఈ కథలు పాడే తాతలు ఊరూరా తగ్గిపోతున్నరు. వాళ్లు ఉండంగనే ఈ పని కావాలె.

జై జంగుబాయి. సేవా సేవా.